పచ్చి మెడలు, మటన్ బొమికలు: మా చింటూకి పెట్టొచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది తిరుపతి, కొర్లగుంట. మా ఇంట్లో రెండేళ్ల మగ ల్యాబ్రడార్ ఉంది. పేరు చింటూ, బరువు 30 కిలోలు. చిన్నప్పటి నుంచి రాగి సంగటిలో చికెన్ ఉడికించిన నీళ్లు, నాలుగు ముక్కలు కలిపి పెడుతున్నాం. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఈమధ్య ఫోన్‌లో వీడియోలు చూసి, "కుక్క అంటే తోడేలు జాతి అమ్మా, సంగటి పెట్టి వాణ్ని పాడుచేస్తున్నారు. పచ్చి చికెన్ మెడలు, మటన్ బొమికలు పెట్టండి. పళ్లు శుభ్రంగా ఉంటాయి, బొచ్చు మెరుస్తుంది" అని ఒకటే పోరు పెడుతున్నాడు. వాడి మాట కాదనలేక వారం రోజులుగా మెడలు పచ్చిగానే వేస్తున్నాం. ఇంకా రెండు కిలోలు ఫ్రీజర్‌లో ఉన్నాయి. పోయిన కనుమకు మటన్ కూరలోని బొమికలు పెడితే చింటూ రెండు రోజులు వాంతులు చేసుకున్నాడు. ఉడికినవి కాబట్టి అలా అయింది, పచ్చివైతే ఏమీ కాదు అంటాడు అబ్బాయి. ఇంట్లో 72 ఏళ్ల మా అత్తగారు ఉన్నారు, ఆమెకు షుగర్. మా అమ్మాయి రెండో కాన్పుకు వచ్చి ఉంది. దాని మూడేళ్ల పాప చింటూని ఒక్క క్షణం వదలదు. నాకు టెన్షన్‌గా ఉంది. పచ్చి మాంసం, బొమికలు పెట్టొచ్చా? పెడితే ఎలా పెట్టాలి?

జవాబు: అమ్మా, మీ ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితిలో చింటూకి పచ్చి మాంసం వద్దు. పచ్చి బొమికలూ వద్దు. కూరలో ఉడికిన బొమికలైతే ఏ ఇంట్లోనూ, ఏ కుక్కకూ వద్దు. ఎముక తీసేసిన మాంసం ఉడికించి, మీరు పెడుతున్న సంగటిలోనే కలిపి పెట్టండి. చింటూ కోసం ఎంత చెప్తున్నానో, మీ అత్తగారి కోసం, కడుపుతో ఉన్న మీ అమ్మాయి కోసం, వాడి మూతికి మూతి ఆనించి ఆడుకునే ఆ పాప కోసం అంతకు రెట్టింపు చెప్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పశువైద్యం చేశాను. పచ్చి మాంసం తిన్న కుక్క బాగానే ఉండి, ఆ ఇంట్లో మనుషులు మంచం పట్టడం చూశాను.

మీ అబ్బాయి చెప్పినవన్నీ అబద్ధాలు కావు. ఉడికిన ఎముక గురించి అతను చెప్పింది నిజం. పచ్చి ఎముకలో కొంత తేమ, కొంత సాగే గుణం ఉంటాయి. వేడి తగిలితే ఆ గుణం పోయి పెళుసుబారుతుంది. కుక్క కొరికినప్పుడు నలగకుండా నిలువునా చీలి సూదుల్లా లేస్తుంది. కోడి కాలి ఎముక అయితే మరీ. అవి గొంతులో గుచ్చుకుంటాయి, పేగును చీలుస్తాయి. మటన్ కూరలో బొమిక కుక్కర్‌లో పెట్టినా అంతే. మాంసం విడిపోయేంత ఉడుకుతుంది తప్ప ఎముక పిండి అయ్యేంత ఉడకదు.

అయితే కనుమనాటి వాంతులకు బొమిక ఒక్కటే కారణం అయి ఉండకపోవచ్చు. ఆ కూరలో ఉల్లిపాయ ఉంది, వెల్లుల్లి ఉంది, నూనె పైకి తేలి ఉంటుంది, కొవ్వు ముక్కలు ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. ఆ లక్షణాలు వెంటనే కనబడవు. రెండు మూడు రోజుల తర్వాత కుక్క నీరసపడుతుంది, చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. ఒక్కసారిగా ఎక్కువ కొవ్వు తింటే క్లోమగ్రంథి వాచి వాంతులు పట్టుకుంటాయి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి కనుమకైనా, గంగమ్మ జాతరకైనా, ఇంట్లో వండిన కూర గిన్నె కడిగిన నీళ్లు కూడా చింటూకి పోయకండి.

ఇక పచ్చి బొమిక. ఇది ఉడికినదానికంటే తక్కువ ప్రమాదం, అంతే. ప్రమాదం లేనిది కాదు. నేను చిత్తూరులో ఉన్నప్పుడు మా ఇంట్లో ఒక రాజపాళయం కుక్క ఉండేది. పచ్చి మటన్ కాలి ఎముక నేనే చేత్తో ఇచ్చాను. పళ్లకు మంచిదని అప్పట్లో నేనూ నమ్మాను. అరగంట తర్వాత చూస్తే పై దవడలో, మాంసం కోసే పెద్ద పన్ను ఒక పక్క పలక లేచినట్టు విరిగి ఉంది. లోపలి నరం బయటపడింది. పాపం, అది అరవలేదు, తిండి మానలేదు. ఒక పక్క నమలడం మానేసింది, అంతే. నేను చూసుకోకపోతే పన్ను కింద చీము పట్టి కంటి కింద వాచేది. చివరికి మత్తు ఇచ్చి ఆ పన్ను తీయాల్సి వచ్చింది. ఆ తప్పు నాది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. మేకల కాళ్లు వాటి బరువు మోయడానికి పుట్టినవి, ఆ ఎముకలు కుక్క పన్నును విరిచేంత గట్టివి. బొటనవేలి గోరుతో నొక్కితే చిన్న గుంత కూడా పడని ఏ వస్తువూ కుక్కకు నమలడానికి ఇవ్వకండి. ఎముక ఒక్కటే కాదు, ఎండు కొమ్ములు, గిట్టలు కూడా ఇంతే.

మూలుగ కోసం గుండ్రంగా కోసిన ఎముకలు ఇంకో రకం ఇబ్బంది. కుక్క లోపలి మూలుగ నాకుతూ నాకుతూ ఆ ఉంగరంలోకి కింది దవడ దూర్చేస్తుంది. కోరల వెనక్కి జారాక అది ఊడిరాదు. కుక్క బెదిరి తల విదిలిస్తూ గోడలకు కొట్టుకుంటుంది. దాన్ని కోసి తీయడానికి కూడా మత్తు ఇవ్వాల్సిందే.

చికెన్ మెడలు మెత్తనివే కదా అని మీ అబ్బాయి అడుగుతాడు. మెత్తనివే. కానీ ల్యాబ్రడార్ సంగతి మీకు నేను చెప్పాలా? వాళ్లు నమలరు, మింగుతారు. మెడ పొడుగాటి ముక్క కాబట్టి సగం నమిలి మింగితే ఆహారనాళంలో ఇరుక్కుంటుంది. ఛాతీలోకి దిగే చోట, గుండె మీదుగా వెళ్లే చోట, పొట్టలోకి చేరే ముందు, ఈ మూడు ఇరుకు చోట్ల ఎముకలు ఎక్కువగా ఆగిపోతాయి. ఒక జాతర తర్వాత ఒక కుక్కను తీసుకొచ్చారు. బొమిక గొంతుకు అడ్డం పడిందని ఇంట్లోవాళ్లు రెండు రోజులుగా అన్నం ముద్దలు చేసి మింగిస్తున్నారు. మనకు చేప ముల్లు గుచ్చుకుంటే చేసే పద్ధతే కుక్కకూ చేశారు. ఒక్కో ముద్దా ఆ బొమికను ఇంకా లోపలికి గుచ్చింది. దయచేసి మీరు ఆ పని చేయకండి. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించడం కూడా వద్దు. గుచ్చుకున్నది పైకి వస్తూ ఇంకోసారి చీలుస్తుంది.

మెడల గురించే ఇంకో మాట. పచ్చి కోడి మాంసంలో క్యాంపైలోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి చాలా మామూలుగా ఉంటుంది. 2018లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, పచ్చి చికెన్ తినే కుక్కల్లో ఒక రకం పక్షవాతానికీ ఈ క్రిమికీ సంబంధం ఉందని చూపించారు. ముందు వెనక కాళ్లు తూలుతాయి, తర్వాత ముందు కాళ్లు కూడా పడిపోతాయి, మొరుగు మారిపోతుంది. చాలా కుక్కలు కోలుకుంటాయి, కానీ నెలలు పడుతుంది. 30 కిలోల కుక్కను నెలల తరబడి పక్కలు మార్చి పడుకోబెట్టి చూసుకోవడం ఎంత కష్టమో ఊహించండి. ఇది తరచూ వచ్చే జబ్బు కాదు. కానీ మెడల వల్ల ఒరిగే లాభం ఆ కాస్త రిస్కుకు కూడా తూగదని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్, ఇ. కొలై, లిస్టీరియా. పచ్చి మాంసంలో ఉండే ఈ క్రిములు ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కను చాలాసార్లు ఏమీ చేయవు. అదే మనల్ని మోసం చేస్తుంది. కుక్క హుషారుగా తోక ఊపుతూ ఉంటుంది, కానీ దాని మలంలో రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి ఆ క్రిములు బయటికి వస్తూనే ఉంటాయి. తిన్న మూతితో అది సోఫా నాకుతుంది, పాప చెయ్యి నాకుతుంది. పాప ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. పెద్దవాళ్లకు ఒక పూట విరేచనాలతో పోయేది, మూడేళ్ల పాపను ఆసుపత్రిలో పడేస్తుంది. షుగర్ ఉన్న 72 ఏళ్ల మనిషి శరీరానికి దాన్ని ఎదుర్కొనే శక్తి తక్కువ. లిస్టీరియా అయితే ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది, గర్భిణికి సోకితే గర్భం పోయే ప్రమాదం ఉంది. పచ్చి మటన్ ముట్టుకుని చేతులు సరిగ్గా కడుక్కోకపోతే సోకే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కూడా కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. చింటూ గిన్నె కడిగే పని మీ అమ్మాయికి మాత్రం అస్సలు చెప్పకండి. అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే, క్రిములను చంపే ప్రక్రియ ఏదీ చేయని పచ్చి మాంసాన్ని కుక్కలకు, పిల్లులకు పెట్టవద్దని విధానంగా ప్రకటించింది. ఆ దేశంలో మాంసం శుభ్రమైన యంత్రాల్లో ప్యాక్ అయి, చలిలోనే ఇంటికి చేరుతుంది. అక్కడే వద్దన్నారు.

మన అంగట్లో కోడిని కళ్లముందే కోసి ఇస్తారు, అంతకంటే తాజాగా ఎక్కడ దొరుకుతుంది అని చాలామంది అంటారు. తాజా అన్నది నిజమే. కానీ ఈ క్రిములు మాంసం పాడయ్యాక పుట్టేవి కావు. బతికున్న కోడి పేగుల్లోనే ఉంటాయి. అదే కత్తి, అదే మొద్దు, అదే ఈకలు తీసే డ్రమ్ము, పొద్దున్నుంచి ఎన్నో కోళ్లు. ఒకదాని పేగులోది ఇంకోదాని మాంసానికి అంటుకుంటుంది. అందులోనూ కుక్కలకని పక్కన పెట్టే మెడలు, కాళ్లు, చర్మం పొద్దున్నుంచి ఒక బకెట్లో పడి ఉంటాయి. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటే ఎండలో ఆ బకెట్‌లో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో పచ్చి మాంసం గంట కంటే ఎక్కువసేపు బయట ఉంటే, అది మనిషికైనా కుక్కకైనా పనికిరాదు.

ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చచ్చిపోతాయని కూడా మీ అబ్బాయి చెప్పి ఉంటాడు. చావవు. నిద్రపోతాయి. కరగగానే లేస్తాయి. గడ్డకట్టించడం వల్ల చచ్చేవి కొన్ని పరాన్నజీవులు, అవి కూడా మైనస్ 18, మైనస్ 20 డిగ్రీల్లో వారం రోజులు ఆగకుండా ఉంటేనే. కరెంటు పోతూ వస్తూ ఉండే ఇంట్లో, తలుపు పదిసార్లు తీసే ఫ్రిజ్ పై అరకు ఆ చలి నిలవదు. మన ఇళ్లల్లో సాల్మొనెల్లాను చంపేది పొయ్యి ఒక్కటే. ముక్క లోపలి దాకా 74 డిగ్రీలు చేరాలి. ముక్కలు చిన్నగా కోసి, నీళ్లు తెర్లాక పది పదిహేను నిమిషాలు ఉడికిస్తే సరిపోతుంది. 2024 ఫిబ్రవరిలో పక్కనున్న నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కూడా నేను అందరికీ చెప్పింది ఇదే. ఉడికితే ఆ వైరస్ కూడా చస్తుంది.

మటన్ విషయంలో మన ప్రాంతంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. దీని గురించి వీడియోల్లో ఎవరూ మాట్లాడరు. గొర్రె, మేక కార్జంలో, ఊపిరితిత్తుల్లో కొన్నిసార్లు నీటి బుగ్గల్లాంటి తిత్తులు ఉంటాయి. మాంసం కోసేవాళ్లు వాటిని చూసి, మనుషులకు పనికిరాదని కుక్కలకు విసిరేస్తారు. ఆ తిత్తుల్లో ఉన్నది ఒక బద్దెపురుగు పిల్లలు. కుక్క పేగులో అవి కొన్ని మిల్లీమీటర్ల పురుగులుగా పెరిగి, ఆరేడు వారాల్లో గుడ్లు పెడతాయి. కుక్కకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆ గుడ్లు మలంతో వచ్చి బొచ్చుకు అంటుకుంటాయి. కుక్కను నిమిరిన చేత్తో అన్నం తిన్న మనిషి కార్జంలో అవే మళ్లీ తిత్తులవుతాయి, ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగి ఆపరేషన్ దాకా తెస్తాయి. హైడాటిడ్ వ్యాధి అంటే ఇదే. గొర్రెలు, మేకలు మేపే రాయలసీమలో ఈ చక్రం తెగాలంటే, పచ్చి కార్జం, తిత్తులు, బోటి ఏ కుక్క నోటికీ అందకూడదు. ఇప్పటిదాకా చింటూకి అలాంటివి పచ్చిగా ఎప్పుడైనా పెట్టి ఉంటే, ప్రాజిక్వాంటెల్ ఉన్న పురుగుల మందు బరువు ప్రకారం వేయించండి. వీధిలో దొరికినవి తినే అలవాటున్న కుక్కకు ఆరు వారాలకోసారి, లేకపోతే మూడు నెలలకోసారి.

తోడేలు మాటకు వస్తాను, ఎందుకంటే మీ మనసు కష్టపెట్టింది అదే అనిపించింది. సంగటి పెట్టి మీరు చింటూని పాడుచేయలేదు. 2013లో స్వీడన్ పరిశోధకులు తోడేళ్ల జన్యువులను, కుక్కల జన్యువులను పక్కపక్కన పెట్టి చూశారు. పిండి పదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా కనిపించాయి. మనిషి గాదెల దగ్గర, వంటిళ్ల దగ్గర వేల ఏళ్లు బతికిన జంతువు కుక్క. మన పల్లెల్లో తరతరాలుగా సంగటి ముద్ద తిని కాపలా కాసిన కుక్కలను మీరూ చూసే ఉంటారు. బాగా ఉడికిన సంగటి కుక్కకు చక్కగా అరుగుతుంది. కాకపోతే సంగటి ఒక్కటే సరిపోదు. నాలుగు ముక్కలు, చికెన్ నీళ్లు చాలవు. ఈ విషయంలో మీ అబ్బాయి ఆందోళనలో న్యాయం ఉంది, చింటూకి మాంసం ఇంకా పెంచాలి.

మాంసం పెంచేటప్పుడు చాలామంది మరిచిపోయేది సున్నం, అంటే కాల్షియం. పచ్చి బొమికలు పెట్టేవాళ్లు చెప్పే వాదనల్లో నాకు బలమైనదిగా అనిపించేది ఇదొక్కటే. ఎముక లేని చికెన్ 300 గ్రాములు పెడితే అందులో కాల్షియం 40 మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ఫాస్ఫరస్ మాత్రం దాదాపు 600 మిల్లీగ్రాములు. కుక్కకు ఈ రెండూ సమానంగానో, కాల్షియం కాస్త ఎక్కువగానో అందాలి. అందకపోతే శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. మాంసం బాగా పెడుతున్నాం కదా అని ఎముక లేకుండా వట్టి చికెన్ మీద పెంచిన కుక్కపిల్లలు కాళ్లు వంకర తిరిగి, నడవలేక నా దగ్గరికి వచ్చాయి. ఆ ఇళ్లవాళ్లు పిల్లకు లోటు చేయలేదు, ప్రేమతోనే పెట్టారు. అందుకే ఈ లెక్క ఇంత వివరంగా రాస్తున్నాను.

30 కిలోల పెద్ద కుక్కకు రోజుకు సుమారు ఒకటిన్నర గ్రాముల కాల్షియం కావాలి. రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, మన ధాన్యాల్లో అదే ఎక్కువ. కానీ రాగుల్లోనే ఉండే ఫైటేట్లు దాంట్లో కొంత భాగాన్ని ఒంటికి పట్టనివ్వవు. మిగతాది గుడ్డు పెంకుతో తీర్చవచ్చు. ఒక్క గుడ్డు పెంకులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. పెంకులు కడిగి, పది నిమిషాలు ఉడకబెట్టి, ఎండలో ఆరబెట్టి, మిక్సీలో ముగ్గుపిండిలా మెత్తగా చేసి సీసాలో పెట్టుకోండి. పలుకులు ఉండకూడదు. రోజుకు అర టీస్పూను చాలు. బొమిక చేసే మంచి పని ఇది చేస్తుంది, దాని హాని ఏదీ లేకుండా.

రోజు మొత్తానికి కొలత కావాలంటే, రాగి పిండి 150 గ్రాములు సంగటి చేసి, ఎముక లేని చికెన్ 350 గ్రాములు ఉడికించి, ఒక ఉడికిన గుడ్డు, గుప్పెడు గుమ్మడికాయో క్యారెట్టో బీన్సో, ఒక చెంచా నూనె, పెంకు పొడి. దీన్ని రెండు పూటలుగా. చికెన్ ఉడికించిన నీళ్లతోనే సంగటి కెలకండి, వాడికి ఇష్టం కూడా. ఉప్పు చిటికెడు చాలు. వారానికి ఒక రోజు 50 గ్రాముల కార్జం, బాగా ఉడికించి. అంతకు మించితే విటమిన్ ఏ పేరుకుపోతుంది. జింకు, అయోడిన్ లాంటివి ఇంటి తిండిలో తక్కువ పడతాయి కాబట్టి మీ డాక్టరును అడిగి ఒక సప్లిమెంటు కలపండి. నెలకోసారి తూకం చూడండి. ల్యాబ్రడార్‌కు పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు.

శనివారాలు, పెరటాసి నెల, అంటే వెంకన్నకని మాంసం మానేసే రోజులు. తిరుపతిలో ఉంటూ ఇది అడగకుండా ఎలా ఉంటారు అనుకున్నాను, మీరు అడగకపోయినా చెప్తాను. శనివారం ఒక్క రోజు మాంసం లేకపోతే చింటూకి ఏమీ కాదు, మెత్తగా ఉడికిన పెసరపప్పు, పెరుగు, పన్నీరు సంగటిలో కలపండి. నెల రోజులైతే మాత్రం పప్పు మీద నడపకండి. ఆ నెలకు మంచి డ్రై ఫుడ్ అలవాటు చేయండి, వారం ముందు నుంచి కొంచెం కొంచెంగా కలుపుతూ. అసలు ఇబ్బంది పెరటాసి అయిపోయిన మరుసటి ఆదివారం వస్తుంది. ఇంటిల్లిపాదీ నెల తర్వాత మాంసం తింటారు, కుక్కకు కూడా విందు చేస్తారు. సోమవారం పొద్దున వాంతులు, విరేచనాలతో కుక్కలు వరుస కడతాయి. ఎన్నో ఏళ్లు చూశాను. ఆ రోజు మామూలు కొలతలో సగం మాంసమే పెట్టండి.

పళ్ల శుభ్రానికి బొమిక అక్కర్లేదు. వేలికి తొడిగే మెత్తని బ్రష్షు, కుక్కల టూత్‌పేస్టు, రోజూ ఒక నిమిషం. మన పేస్టు వద్దు, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, కొన్నిట్లో కుక్కకు విషమైన జైలిటాల్ అనే తీపి పదార్థం కూడా.

మీ అమ్మాయి అత్తారింటికి వెళ్లిపోయాక, మీ అబ్బాయి చింటూని బెంగళూరు తీసుకెళ్లి తన దగ్గర పెట్టుకుంటాడనుకోండి. అప్పుడు పచ్చిగా పెట్టడం అతని నిర్ణయం. అప్పటికీ నేను వద్దనే అంటాను. వినకపోతే కనీసం ఇవి పాటించమనండి. మాంసానికి వేరే కత్తి, వేరే పలక, వేరే డబ్బా. ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో, మూత గట్టిగా పెట్టి. కరిగించడం ఫ్రిజ్‌లోనే, వంటింటి గట్టు మీద కాదు. స్టీలు గిన్నెలో పెట్టి, పదిహేను నిమిషాల్లో తినకపోతే తీసేయాలి. గిన్నె, నేల, చేతులు సబ్బుతో వేడి నీళ్లతో కడగాలి. పంది మాంసం, కార్జం, బోటి పచ్చిగా ఎప్పుడూ వద్దు. బొమిక ఇస్తే కుక్క మూతి కంటే పెద్దది, కీలు దగ్గర తెల్లటి మెత్తని భాగం ఉన్నది ఇవ్వాలి. పదిహేను నిమిషాలు దగ్గర కూర్చుని చూడాలి, మింగేంత చిన్నదైతే తీసేయాలి. తీసుకునేటప్పుడు లాక్కోకూడదు, ఇంకేదైనా ఇష్టమైన తిండి చూపించి మార్చుకోవాలి. ఎంత మంచి కుక్కైనా బొమిక దగ్గర ఉన్నప్పుడు వేరే కుక్క అవుతుంది. మీ పాపను ఆ దరిదాపుల్లోకి రానివ్వకూడదు. కుక్కపిల్లలకు, కడుపుతో ఉన్న కుక్కలకు ఇవేవీ పచ్చిగా పెట్టకూడదు.

ఇప్పటికే వారం రోజులు మెడలు తిన్నాడు కాబట్టి కొన్ని రోజులు చింటూని కనిపెట్టి ఉండండి. మాటిమాటికీ వాంతి చేసుకోవడం, ఊరికే చొంగ కారడం, మూతిని కాలితో గీరుకోవడం, మెడ చాచి గుటకలు వేయడం, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం, ముక్కుతూ కూర్చున్నా మలం రాకపోవడం, లేదా సుద్దలా తెల్లగా గట్టిగా రావడం, నల్లగా తారులా రావడం, వెనక కాళ్లు తూలడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. మీకు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. 1955 నుంచి ఉన్న కాలేజీ అది, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి. ఏం పెట్టారు, ఎప్పుడు పెట్టారు అన్నది దాచకుండా చెప్పండి. తిడతారేమోనని కొందరు బొమిక సంగతి చెప్పరు. ఆ ఒక్క మాట చెబితే మాకు రెండు గంటలు కలిసివస్తాయి.

ఈ రెండు వారాలూ చింటూ మలం చేతికి కవరు తొడుక్కుని వెంటనే తీసేయండి. మూతి, ముందు కాళ్లు రోజూ తడిగుడ్డతో తుడవండి. పాప ఆడుకోవడం మాన్పించనక్కర్లేదు, ఆడాక చేతులు సబ్బుతో కడిగించండి, మూతి ముద్దులు మాత్రం వద్దని చెప్పండి. అత్తగారికి గానీ, అమ్మాయికి గానీ, పాపకు గానీ జ్వరంతో విరేచనాలు వస్తే, ఇంట్లో కుక్కకు పచ్చి చికెన్ పెట్టామని వాళ్ల డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఫ్రీజర్‌లో ఉన్న రెండు కిలోల మెడలు పారేయకండి. ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి, ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏదీ లేకుండా కుక్కర్‌లో ఉడికించండి. మాంసం వేళ్లతో ఒలిచి, ఒక్క ఎముక కూడా మిగలకుండా చూసుకుని, నీళ్లు జల్లెడతో వడకట్టండి. చల్లారాక పైన తేలిన కొవ్వు తీసేసి చిన్న చిన్న డబ్బాల్లో పెట్టుకుంటే సంగటిలోకి పనికొస్తుంది. ఒలిచిన ఎముకలు మాత్రం కవరులో ముడివేసి చెత్త బండికే ఇవ్వండి. గోడ పక్కన పడేస్తే వీధి కుక్కలు తింటాయి, వాటి గొంతూ చింటూ గొంతులాంటిదే.